పల్స్ మోటార్ ఛార్జర్ కిట్: మోటార్‌గా బాగుంది, ఛార్జర్‌గా కాదు

నాలుగు నెలల కిందట ఒక పల్స్ మోటార్ కిట్ తెప్పించాను. మనమే కాయిల్ చుట్టుకుని, అయస్కాంతాల చక్రం బిగించుకుని, ఒక బ్యాటరీతో దాన్ని తిప్పుతూ ఇంకో బ్యాటరీని ఛార్జ్ చేసుకునే రకం. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, పేరు కన్నా లోపలి సర్క్యూట్ ముఖ్యం, అది మీరు ఎక్కడ కొన్నా, సొంతంగా సామాను ఏరుకుని చేసుకున్నా దాదాపు ఇదే. ముందే చెప్పేస్తున్నా, ఇది మంచి మోటార్, అంతకన్నా మంచి పాఠం, కానీ ఛార్జర్ అని నమ్మి కొంటే తిట్టుకుంటారు. నేనూ తిట్టుకున్నాను, తర్వాత మానేశాను.

పెట్టెలో ఉన్నవి ఇవీ: ప్లాస్టిక్ చక్రం ఒకటి, దాని అంచుకి అతికించుకోవడానికి 8 సిరామిక్ అయస్కాంతాలు, రెండు బేరింగులు, స్టాండు, తీగ చుట్టుకోవడానికి ఖాళీ బాబిన్, దాని మధ్యలో ఇనుప కోర్‌గా పెట్టడానికి ముక్కలు చేసిన వెల్డింగ్ రాడ్లు, 0.8 మిల్లీమీటర్లదీ 0.57 మిల్లీమీటర్లదీ ఎనామిల్ రాగి తీగ చెరో 40 మీటర్లు, 2ఎన్3055 ట్రాన్సిస్టర్, దానికి హీట్ సింక్, రెండు డయోడ్లు, ఒక చిన్న నియాన్ బల్బు, 100 ఓముల రెసిస్టర్, 1 కిలో ఓమ్ పొటెన్షియోమీటర్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్), క్లిప్పులు. సామాను నాణ్యత బాగుంది, అందులో వంక పెట్టను. వంకంతా నాలుగు పేజీల పుస్తకంలో ఉంది. అందులో రెండు పేజీలు 'రేడియంట్ ఎనర్జీ' గురించి, అంటే చుట్టూ ఉన్న చోటు నుంచి ఉచితంగా వస్తుందని కొందరు చెప్పుకునే శక్తి గురించి, ఒక పేజీ బొమ్మ, మిగిలిన పేజీలో తయారీ.

అసలు ఇది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను, లేకపోతే తర్వాత నా గోల అర్థం కాదు. బాబిన్ మీద రెండు తీగలు కలిపి చుడతాం, లావుది పవర్ వైండింగ్, సన్నది ట్రిగ్గర్. అయస్కాంతం కోర్ దగ్గరికి దానంతట అదే ఇనుము ఆకర్షణకి వస్తుంది. కోర్ దాటబోయే క్షణంలో ట్రిగ్గర్ తీగలో పుట్టే వోల్టేజీ దిశ మారి ట్రాన్సిస్టర్‌ని ఆన్ చేస్తుంది, అప్పుడు పవర్ వైండింగ్‌లో కరెంటు పారి అదే ధ్రువం ఏర్పడి అయస్కాంతాన్ని అవతలికి తోస్తుంది. ట్రాన్సిస్టర్ ఆఫ్ కాగానే కాయిల్‌లో ఉన్న అయస్కాంత క్షేత్రం కూలి పెద్ద వోల్టేజీ ఎగజిమ్ముతుంది, అది డయోడ్ గుండా రెండో బ్యాటరీలోకి పోతుంది. అంతే. పాత పెట్రోల్ ఇంజిన్లలో ఇగ్నిషన్ కాయిల్ పాయింట్లు విడిపోయినప్పుడు స్పార్క్ పుట్టించేది కూడా ఇదే తంతు. పుస్తకంలో దీన్ని 'బ్యాక్ ఈఎంఎఫ్' అన్నారు, అది తప్పు మాట, బ్యాక్ ఈఎంఎఫ్ అంటే తిరుగుతున్న మోటార్ తన సరఫరాకి ఎదురుగా పుట్టించే వోల్టేజీ. ఇది కాయిల్ తన్ను, ఇంగ్లిష్‌లో ఫ్లైబ్యాక్ అంటారు. మాట తేడానే కదా అనుకోకండి, ఈ మాట దగ్గర మొదలైన గందరగోళమే చివరికి 'ఉచిత విద్యుత్' దాకా పోతుంది.

ఇక తయారీ. చుట్టడానికి ఒక సాయంత్రం పట్టింది, నాలుగు వందల పైచిలుకు చుట్లు, మధ్యలో లెక్క తప్పాను, పెద్ద నష్టమేం లేదు. మర్నాడు అన్నీ కలిపి చక్రాన్ని చేత్తో తిప్పి వదిలితే కాసేపు తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పాను, మళ్లీ ఆగింది. రెండు గంటలు ట్రాన్సిస్టర్ని అనుమానించాను, డయోడ్‌ని అనుమానించాను, చివరికి మల్టీమీటర్‌తో ట్రిగ్గర్ తీగ రెండు కొసలూ కొలిస్తే అసలు కనెక్షనే లేదు. ఎనామిల్ గీకలేదు! రాగి రంగులో మెరుస్తుంటే ఉత్త తీగే అనుకుంటాం, కానీ దాని మీద వార్నిష్ పూత ఉంటుంది, కొసలు ఎమరీ పేపర్‌తో చుట్టూ రుద్ది, టంకం అంటుకునేదాకా వదలకూడదు. నేను ఒక పక్క మాత్రమే గీకాను. గీకాక కొలిస్తే లావు తీగ 1.3 ఓములు, సన్నది 2.7 ఓములు చూపించింది, 40 మీటర్లకి అంతే రావాలి. ఈ రెండు తీగల మధ్య కూడా కొలవండి, అక్కడ మాత్రం మీటర్ ఏమీ చూపించకూడదు. చూపించిందంటే చుట్టేటప్పుడు ఎక్కడో పూత గీరుకుపోయి రెండూ కలిశాయని అర్థం, అప్పుడు విప్పి మళ్లీ చుట్టుకోవడమే, వేరే దారి లేదు.

గీకాక కూడా తిరగలేదు. ఈసారి చేత్తో తిప్పితే తొందరగా ఆగిపోతోంది, అంటే కాయిల్ తోయాల్సిన చోట లాగుతోంది. ట్రిగ్గర్ కొసలు తారుమారు చేశాను, చక్రం ఒక్కసారిగా అందుకుంది. పుస్తకంలో బొమ్మ ఉంది కానీ ఏ తీగ మొదలు ఎటు, చివర ఎటు అన్న చుక్క గుర్తులు లేవు. రెండు చుక్కలు! అవి వేసి ఉంటే నాలాంటి వాళ్లకి ఒక పూట మిగిలేది.

తిరిగింది కానీ కుంటుతూ తిరిగింది. ప్రతి చుట్టుకీ ఒక చోట టక్కున ఆగినట్టయ్యేది. దిక్సూచి తెచ్చి అయస్కాంతాల ముందు ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే అయిదోది తిరగేసి అతికించాను. ఈ మోటార్లో అన్ని అయస్కాంతాలూ ఒకే ధ్రువం బయటికి చూడాలి. అతికించే ముందే ఒకదాని మీద ఒకటి దొంతరగా పెట్టి, పైకి కనిపించే ముఖాలన్నిటి మీదా పెన్నుతో గుర్తు పెట్టుకుంటే ఈ తప్పు జరగదు. ఇంకో మాట, అతికించాక అంచు చుట్టూ గట్టి టేపు రెండు చుట్లు వేయండి. వేగంగా తిరిగే చక్రం నుంచి ఊడిన అయస్కాంతం కంటి ఎత్తులో ఎగిరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు, నాకు ఒకటి ఊడింది, గోడకి తగిలింది, అదృష్టం.

బేరింగుల సంగతి కూడా చెప్పాలి. కొత్త బేరింగుల్లో గ్రీజు దట్టంగా ఉంటుంది, ఇంత తక్కువ శక్తి మోటార్‌కి ఆ గ్రీజే బ్రేకు. మూత తీసి, కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, పల్చటి నూనె ఒక్క చుక్క వేశాక చేత్తో తిప్పిన చక్రం అంతకు ముందు కన్నా చాలాసేపు తిరిగింది. ఖర్చులేని మార్పుల్లో నాకు అన్నిటికన్నా లాభమిచ్చింది ఇదే.

ఇప్పుడు అసలు కథ, ట్రాన్సిస్టర్ చచ్చిపోవడం.

మూడో రోజు మోటార్ చక్కగా తిరుగుతోంది. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ వోల్టేజీ విడిగా కొలుద్దామని తిరుగుతుండగానే దాని క్లిప్ పీకాను. నియాన్ బల్బు నారింజ రంగులో ఒక్క క్షణం వెలిగింది, 'ఆహా, అందంగా ఉందే' అనుకునేలోపు మోటార్ నెమ్మదించింది, ఏదో కాలిన వాసన వచ్చింది. కాయిల్ ముట్టుకుంటే చేయి పెట్టలేకపోయాను. జరిగింది ఏమిటంటే, కాయిల్ తన్నిన వోల్టేజీకి పోవడానికి బ్యాటరీ లేదు, అందుకని అది పెరుగుతూ పోయింది. నియాన్ వెలగాలంటే సుమారు 90 వోల్టులు కావాలి. ట్రాన్సిస్టర్‌కి బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కొసలుంటాయి, 2ఎన్3055 కలెక్టర్-ఎమిటర్ మధ్య భరించేది 60 వోల్టులు. ట్రాన్సిస్టర్‌ని కాయాల్సింది నియానే, లెక్క మీరే చూసుకోండి, కాపలావాడు లేచేలోపే దొంగ పని ముగించుకుని పోతాడు. ఒక్కోసారి ట్రాన్సిస్టర్ తట్టుకుంటుంది, రేటింగ్ కన్నా కొంచెం ఎక్కువ ఓర్చే ముక్క దొరికితే. నాకు దొరకలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. చచ్చిపోయిన ట్రాన్సిస్టర్ కలెక్టర్ నుంచి ఎమిటర్‌కి షార్ట్ అయిపోయింది. అంటే 1.3 ఓముల కాయిల్ నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి తగులుకుంది, తొమ్మిది ఆంపియర్ల దాకా పారి ఉంటుంది. ఈ కిట్‌లో ఫ్యూజ్ లేదు! లెడ్-యాసిడ్ బ్యాటరీ ఉన్న కిట్‌లో ఫ్యూజ్ లేకపోవడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. పుస్తకంలో నియాన్ పక్కన 'ఇండికేటర్' అని రాశారు, ఛార్జింగ్ బ్యాటరీ లేకుండా తిప్పకూడదని ఎక్కడా లేదు. ఆ ఒక్క వాక్యం రాయడానికి రేడియంట్ ఎనర్జీ పేజీల్లో చోటు లేకపోయిందేమో.

అమ్మినవాళ్లకి మెయిల్ పెట్టాను. రెండు రోజులకి జవాబు వచ్చింది, మొదట 'ట్యూనింగ్ సరిగా చేయండి' అన్నారు, నేను మల్టీమీటర్ రీడింగులు పంపాక ఇంకేమీ అడగకుండా రెండు ట్రాన్సిస్టర్లు ఉచితంగా పంపారు. ఆ మర్యాదకి ఒక మార్కు ఇస్తాను. కానీ వాటినీ వాడలేదు, ఎంజేఎల్21194 తెచ్చుకున్నాను, అది 250 వోల్టులు భరిస్తుంది, దాంతో 90 దగ్గర వెలిగే నియాన్‌కి నిజంగా కాపలా కాసే అవకాశం దొరికింది. కాళ్ల వరుస వేరు, చూసి బిగించండి. మోటార్‌ని తిప్పే మొదటి బ్యాటరీ ప్లస్ దగ్గర 2 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాను. ఆ తర్వాత ఇంకోసారి పొరపాటున క్లిప్ ఊడింది, నియాన్ వెలిగింది, మోటార్ తిరుగుతూనే ఉంది. అప్పుడు క్లిప్ మళ్లీ పెట్టబోయి లోహం ముట్టుకుని షాక్ కూడా తిన్నాను. చిన్నదే, కానీ 12 వోల్టులే కదా అని చేతులు పెట్టకండి.

ట్రాన్సిస్టర్ పోయిందో లేదో తెలుసుకోవడానికి మీటర్‌ని డయోడ్ గుర్తు మీద పెట్టండి. బేస్ నుంచి ఎమిటర్‌కి, బేస్ నుంచి కలెక్టర్‌కి ఒక దిశలో 0.5 నుంచి 0.7 దాకా చూపించాలి, కలెక్టర్-ఎమిటర్ మధ్య ఏ దిశలోనూ ఏమీ చూపించకూడదు. సున్నా చూపించి బీప్ అందంటే ఆ ముక్కకి నమస్కారం పెట్టేయడమే. బేస్-ఎమిటర్ మధ్య తిరగేసి పెట్టే చిన్న డయోడ్‌ని కూడా మర్చిపోకండి, ట్రిగ్గర్ తీగలో ఎదురు దిశలో పుట్టే వోల్టేజీ బేస్‌ని పాడుచేయకుండా కాసేది అదే, 2ఎన్3055 బేస్ ఎదురు దిశలో 7 వోల్టుల కన్నా ఎక్కువ తట్టుకోదు.

ఇంకో తప్పు నేను చేయలేదు కానీ ఒక మిత్రుడు చేశాడు. ఈ సర్క్యూట్‌లో ఛార్జ్ అయ్యే బ్యాటరీ మైనస్ వెళ్లి మొదటి బ్యాటరీ ప్లస్‌కి కలవాలి, చూడటానికి వింతగా ఉంటుంది కాబట్టి అతను 'ఇది అచ్చుతప్పు' అనుకుని రెండు మైనస్‌లూ కలిపేశాడు. మోటార్ తిరిగింది, రెండో బ్యాటరీ జోరుగా ఎక్కుతోంది, సంబరపడిపోయాడు. నిజానికి రెండోది బాగా దిగిపోయి ఉంది కాబట్టి మొదటి బ్యాటరీ నుంచి కాయిల్, డయోడ్ మీదుగా నేరుగా దానిలోకి కరెంటు జారిపోతోంది, చక్రం ఆపినా ఛార్జింగ్ ఆగలేదు. అలా చక్రం పట్టుకుని ఆపి చూడటం మంచి పరీక్ష, ఆపితే మొదటి బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు దాదాపు సున్నాకి పడిపోవాలి.

ట్యూనింగ్ అంటే బేస్ రెసిస్టర్ తిప్పడం, మాయేమీ లేదు. పొటెన్షియోమీటర్ ఎక్కువ వైపు పెట్టి మొదలుపెట్టండి, మెల్లగా తగ్గిస్తుంటే వేగమూ కరెంటూ రెండూ పెరుగుతాయి. ఒక చోటు దాటాక కరెంటు పెరుగుతుంది కానీ వేగం పెరగదు, ఒక్కో అయస్కాంతానికి ట్రాన్సిస్టర్ రెండుసార్లు కొడుతోందని అర్థం. ఇంకా తగ్గిస్తే కాయిల్ కీచుమని అరుస్తుంది, చక్రం ఆపినా ఆ అరుపు ఆగదు, అప్పుడు అది మోటార్ కాదు, తనలో తాను ఊగుతున్న ఆసిలేటర్. నాకు మొత్తం 400 ఓముల దగ్గర కుదిరింది, కోర్‌కీ అయస్కాంతానికీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు. వేగం కొలవడానికి చక్రం మీద తెల్ల చుక్క పెట్టి ఫోన్లో స్లో మోషన్ తీశాను, అదే చాలు. ఛార్జింగ్ వైపు 1ఎన్4007 డయోడ్ బదులు యూఎఫ్4007 వేశాను, ఇలాంటి పదునైన పల్స్‌లకి త్వరగా మూసుకునే డయోడ్ నయం.

సరే, ఛార్జింగ్. ఇక్కడే మనల్ని మనం మోసం చేసుకునేది. ఛార్జ్ అవుతున్న బ్యాటరీకి మామూలు డిజిటల్ మల్టీమీటర్ పెడితే అంకెలు గంతులేస్తాయి, పల్స్‌లు వస్తున్న చోట ఆ మీటర్ చూపేదాన్ని నమ్మలేం. అరగంటలో బ్యాటరీ 12.1 నుంచి 12.9కి వచ్చిందని మురిసిపోతాం, ఆపి ఒక రాత్రి వదిలేస్తే 12.3కి దిగుతుంది. పైపై ఛార్జ్ అది. ఎంత నిండిందో తెలియాలంటే ఒకటే దారి, లోడ్ పెట్టి ఖాళీ చేసి గంటలు లెక్కపెట్టడం.

నేను 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ తీసుకుని మామూలు ఛార్జర్‌తో నింపి 5 వాట్ల బల్బు పెట్టాను, 11.5 వోల్టులకి దిగడానికి 13 గంటలు పట్టింది. అదే ఖాళీ బ్యాటరీని ఈ మోటార్‌తో 24 గంటలు ఛార్జ్ చేశాను. మొదటి బ్యాటరీ నుంచి సగటున 0.40 ఆంపియర్లు, 12.3 వోల్టులు, అంటే 118 వాట్-అవర్లు లోపలికి పోశాను. బల్బు 7 గంటలు వెలిగింది, 35 వాట్-అవర్లు. పోసినదాంట్లో 30 శాతం. కొత్త డయోడ్, కడిగిన బేరింగులు, ట్యూనింగ్ అన్నీ అయ్యాక 0.28 ఆంపియర్లతో మళ్లీ 24 గంటలు నడిపితే పోసింది 83, తిరిగి వచ్చింది 29, అంటే 35 శాతం. బాగుపడింది, సంతోషం. మిగతాది ఎక్కడికి పోయిందో వెతకడానికి మాయలు అక్కర్లేదు, కాయిల్ వెచ్చగా ఉంది, ట్రాన్సిస్టర్ వెచ్చగా ఉంది, చక్రం గాలిని చిలుకుతోంది, బ్యాటరీ రసాయనం తన వాటా తాను తీసుకుంటుంది.

పుస్తకంలో ఏమని రాశారో తెలుసా, 'రెండు బ్యాటరీలూ మార్చుకుంటూ పోతే నిరంతరం నడుస్తుంది' అని. చేసి చూశాను. ఒకే రకం బ్యాటరీలు రెండు, రెండూ నిండుగా, ఉదయం సాయంత్రం మార్చాను. రెండో రోజు సాయంత్రానికి చక్రం చతికిలబడింది. మా అమ్మాయి పక్కనే ఉండి, 'నాన్నా, రెండు బిందెల్లో నీళ్లు అటూ ఇటూ పోసుకుంటే ఎప్పుడైనా పెరుగుతాయా?' అంది. నాలుగు పేజీల పుస్తకం కన్నా ఆ ప్రశ్న నాకు నచ్చింది. పేటెంట్ ఉంది కదా అని వాదించేవాళ్లకి: ఉంది, ఇలాంటి మోటార్లకి పేరుపడ్డ జాన్ బెడినీకి ఒకే ధ్రువం మోటార్‌తో బ్యాటరీలు ఛార్జ్ చేసే పద్ధతి మీద 2003లో అమెరికా పేటెంట్ వచ్చింది. పేటెంట్ అంటే ఆ అమరిక కొత్తది అని ఒప్పుకోవడం, పెట్టిన దానికన్నా ఎక్కువ వస్తుందని కొలిచి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

పాడైన బ్యాటరీలు బాగవుతాయా అని చాలామంది అడుగుతారు. సల్ఫేషన్ పట్టిన, అంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిన పాత బ్యాటరీ ఒకటి పెట్టాను. మొదట బల్బు 20 నిమిషాలు వెలిగింది, మూడు వారాలు ఛార్జ్ చేసి ఖాళీ చేసి మళ్లీ ఛార్జ్ చేసి చూస్తే రెండు గంటల పైన వెలిగింది. నిజంగానే బాగుపడింది. కానీ మెల్లగా నింపి ఖాళీ చేసే పద్ధతిలో మామూలు ఛార్జర్‌తో కూడా కొంత కోలుకుంటాయి కాబట్టి, పల్స్ వల్లే అని చెప్పడానికి రెండో పాత బ్యాటరీతో పక్కపక్కన చేసి చూడాలి, అది నేను చేయలేదు. సెల్ షార్ట్ అయిన బ్యాటరీకి మాత్రం ఏ పల్సూ ప్రాణం పోయదు. లిథియం బ్యాటరీలని దీనికి దూరంగా ఉంచండి, ఈ సర్క్యూట్‌లో ఎక్కడ ఆపాలో చూసేది ఏదీ లేదు. లెడ్-యాసిడ్‌నైనా 14.4 దాటనివ్వకండి, హైడ్రోజన్ వస్తుంది, కిటికీ తీసి పెట్టుకోవాలి.

ఎవరు కొనాలి? కాయిల్, ట్రాన్సిస్టర్, అయస్కాంతం కలిసి ఏం చేస్తాయో చేత్తో తెలుసుకోవాలనుకునేవాళ్లు, ఇంట్లో పెద్ద పిల్లలు ఉన్నవాళ్లు. ఈ నాలుగు నెలల్లో నేను మల్టీమీటర్ వాడటం నేర్చుకున్నంతగా ఎప్పుడూ నేర్చుకోలేదు. బ్యాటరీ ఛార్జ్ చేసుకోవాలి అంతే అనుకునేవాళ్లు మామూలు ఆటోమేటిక్ ఛార్జర్ కొనుక్కోండి, నిద్రపోవచ్చు.

సామానుకి 5కి 4, పుస్తకానికి 1, ఛార్జర్‌గా 1, ఆటవస్తువుగా 5. కలిపి 3 వేశాను. కొనేవాళ్లు ఆర్డర్ పెట్టేటప్పుడే ఫ్యూజ్ హోల్డర్, 250 వోల్టుల ట్రాన్సిస్టర్ ఒకటి, ఎమరీ పేపర్ కూడా బుట్టలో వేసుకోండి. నాది ఇప్పుడు మా అమ్మాయి బల్ల మీద తిరుగుతోంది, ఛార్జింగ్ వైపు ఆ పాత బ్యాటరీయే ఉంది, క్లిప్పు ఊడకుండా దాన్ని టేపుతో కట్టేసింది.